రక్తపిశాచ నవలయు, మానని గాయమును



నూజివీడు సీమలో మామిడికాయ ముదురు వేసవి నెలలందు తోటకావలివారు రాత్రులు పాకలలోనే పరుందురు. చిన్నరసాల చెట్ల నడుమ దవ్వున నొక మినుకు కనబడినచో కొరివిదయ్యమని చెప్పుకొనుట పెద్దలనాటి వాడుక. ఆ దయ్యము భయపెట్టును, దారి తప్పించును. మెడ కొరికి నెత్తురు త్రాగదు. అందుచేత రక్తపిశాచ నవల యనగానే అది పరదేశపు సరకనియు, గ్రామ గ్రంథాలయపు బీరువాలో దానికి చోటు తగదనియు కొందరు పెద్దలు తలంతురు. యువకులు మాత్రము అట్టి పుస్తకమునే ముందుగా నడుగుదురు. ఈ వివాదము తీరవలెనన్న ఆ పిశాచపు పుట్టుకను విచారింపవలెను.

ఐరోపాలో ఈ కథ నవలలకెక్కుటకు ముందే సర్కారు దస్త్రమున కెక్కినది. 1732లో సెర్బియాలోని మెద్వెజా గ్రామమునకు పోయిన ఆస్ట్రియా సైనికవైద్యులు ఒక నివేదిక వ్రాసిరి. అందు పేర్కొనబడిన ఆర్నాల్డ్ పావోలె సరిహద్దుదళపు సైనికుడు. తురుష్కుల యేలుబడిలోని సీమలో తన్నొక రక్తపిశాచము పీడించెనని అతడు బ్రదికియున్నప్పుడు చెప్పుచుండెడివాడట. ఎండుగడ్డి బండిపైనుండి పడి, మెడ విరిగి మరణించెను. పిదప ఊర చావులు కలుగగా జనులు గోరి త్రవ్వి, శవమున నెత్తురు చూచి, గుండెలో మేకు దించిరి. పూడ్చిన శవము ఉబ్బుటయు, నోట ఎఱ్ఱని ద్రవము వెడలుటయు కుళ్లుటలో సహజములేయని నేటి వైద్యశాస్త్రము చెప్పును. కాని ఆ దస్త్రమే వాంపైరను మాటను పడమటి దేశములందు వ్యాపింపజేసెను. దాని మూలమున నున్నవాడొక సైనికుడగుట మరువరాదు.

1897లో ఐర్లండువాడైన బ్రామ్ స్టోకర్ వెలువరించిన డ్రాకులా నవలయందును ఇట్లే యున్నది. అందలి ప్రభువు తన వంశీయులు తురుష్కులతో చేసిన పోరాటములను, తానే ఆ రణమున నిలిచినట్లుగా, అతిథికి వర్ణించును. పెట్టెలో పరుండిన వానిని హార్కర్ అను యువకుడు పారతో కొట్టగా నుదుట గాయమగును. ఆ మచ్చయే తరువాత వాని యానవాలు. తుదకు వాని కంఠము కోసినది హార్కర్ చేతనున్న ఖుక్రీ, గూర్ఖాల కత్తి. ఆ క్షణమున వాని ముఖమున శాంతి కనబడెనని స్టోకర్ వ్రాసెను. చావు రాకుండుటయే వానికి శిక్ష, చావే విడుదల.

ఇక మన వైపు చూతము. 1870లో రిచర్డ్ బర్టన్ బేతాళకథలను ఇంగ్లీషున వెలువరించుచు బేతాళుని వాంపైరనెను. ఆ పేరు పొసగదు. బేతాళుడు శవమునావహించి, కథ చెప్పి, ప్రశ్న వేయును, నెత్తురడుగడు. నెత్తురు త్రాగు భూతములను మన కవులు తఱచుగా చూపినది రణభూమియందు. తిక్కన సోమయాజి తెనిగించిన పదునైదు పర్వములలో సౌప్తికపర్వ మొకటి. అశ్వత్థామ మఱ్ఱిచెట్టు క్రింద కూర్చుండి, నిదురించు కాకులను గుడ్లగూబ చంపుట చూచి, తానును నిదురించు శత్రువులను చంపవచ్చునని తలంచును. శిబిరము జొచ్చి ధృష్టద్యుమ్నుని, శిఖండిని, ఉపపాండవులైదుగురిని కడతేర్చును. ఆ నెత్తుటికి పిశాచములు మూగును. పిదప అతని శిరోమణి పోయెను. మూడువేల యేండ్లు నెత్తురు, చీము కంపుకొట్టుచు ఒంటిగా అడవులందు తిరుగుమని శ్రీకృష్ణుడు శపించెను. నుదుటి గాయము నేటికిని మానలేదని లోకము చెప్పుకొనును. డ్రాకులాకు కడపట దొరికిన శాంతి ఇతనికి దొరకలేదు.

తెలుగున స్వతంత్రముగా ఇట్టి నవల వ్రాయదలచువాడు అరువు కోటలను, మంచుకొండలను వెదకనక్కరలేదు. మామిడితోపులోని పాకయే చాలును. కాని ఒక్క జాగ్రత్త వలయును. ఆ పాపమునకు గాయము గుర్తు కాదు. అశ్వత్థామ నిదురించువారిని చంపునప్పటికి అతని నుదుట గాయము లేదు, మణి మెరయుచుండెను. అతని తండ్రి ధర్మరాజు పలుకు నమ్మి అస్త్రము విడిచి మడిసెనన్న మాటయు మరువరాదు. జమ యొకవైపే వ్రాసి ఖర్చు దాచిన లెక్క యెట్లు చెల్లదో, యోధుని నేరము మాత్రమే చెప్పి, వాని నట్లు చేసిన యుద్ధమును చెప్పని కథయు నట్లే చెల్లదు. యుద్ధమును చెప్పి నేరమును మాపుటయు తగదు.

ఇది పుస్తకములలోని మాట మాత్రమే కాదు. తాడేపల్లిగూడెము దరినున్న మాధవరము మిలిటరీ మాధవరమని పేరొందినది. రెండు ప్రపంచయుద్ధములకును ఆ యూరు సైనికులను పంపెను. మొగమున మచ్చతో ఇల్లు చేరినవానిని చూచి పిల్లలు తల్లి చెంగు చాటున దాగుట ఏ యూరనైనను జరుగునదే. అతడు నిద్రలో కేకవేసినచో గాలి సోకినదని విబూది పెట్టింతురు. అది యుద్ధము మనసున మిగిల్చిన వ్యాధియనియు, దానికి వైద్యము కలదనియు నేడు తెలిసినది. మచ్చను చూపి ఇదిగో పిశాచమనెడి నవల అట్టివాని రెండవమారు గాయపరచును. మచ్చ వెనుకనున్న రాత్రిని చూపెడి నవల వానిని మరల ఊరిలోనికి తెచ్చును.

కావున గ్రంథాలయము ఇట్టి నవలలను బీరువానుండి వెడలగొట్టనక్కరలేదు. సౌప్తికపర్వము ప్రక్కనే వానిని నిలుపవలెను. ఒకటి తీసికొన్న చేయి రెండవదానిని తాకును. తోటపాకలో ఆ నవల ముగించిన యువకుడు మరునాడు సంతలో మచ్చమోము మనిషిని చూచి తప్పుకొనక, పెద్దవాడా, బాగున్నారా యని పలుకరించినచో గ్రంథాలయము ఆ పుస్తకమునకు పెట్టిన వెల గిట్టినట్లే.