కణితికి చేరనిదాని లెక్క

కాగితం పేరు పెట్టుకున్న ఊళ్లో పట్టా అందుకుంటున్నారు గనుక మిల్లు లెక్క మీకు తెలుసు. ఎన్ని రీములు వచ్చాయన్నది సగమే, కాలువలోకి ఏం పోయిందన్నది మిగతా సగం. మందు మోసే సిలికా నానోకణాలకూ ఈ రెండో సగమే ముఖ్యమని నా వాదన.

మొదటి సగం ఊరించేదే. 1992లో మొబిల్ శాస్త్రవేత్తలు ప్రకటించిన ఎంసీఎం-41 అనే సిలికాలో తేనెపట్టులాంటి రంధ్రాలు. ఒక్క గ్రాములో దాదాపు 1000 చదరపు మీటర్ల ఉపరితలం. 2001లో స్పెయిన్‌ పరిశోధకులు అందులో ఐబుప్రొఫెన్ నింపి, అది మెల్లగా బయటికొస్తుందని చూపారు. నానోకణం పైన ఫోలిక్ ఆమ్లం తగిలిస్తే, ఆ విటమిన్‌కు ఎగబడే క్యాన్సర్ కణాలు ఆ నానోకణాన్ని లోపలికి లాక్కుంటాయి. ఆ ఆమ్లాన్ని 1945లో లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసింది మన ఎల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందమే. ముడిసరుకంటారా, రైస్ మిల్లు ఊక కాల్చిన బూడిదలో ఎక్కువ పాలు సిలికానే. ఆ ఊక బస్తా ఫొటో మీరూ సెమినార్లో పెడతారు, నాకు తెలుసు. పెట్టండి నాయనా, తర్వాతి స్లయిడు ఏదని మాత్రం అడుగుతాను.

పదేళ్ల జంతు ప్రయోగాలను కలిపి చూసిన 2016 నాటి సమీక్షలో, ఎక్కించిన నానోకణాల్లో కణితికి చేరింది మధ్యస్థంగా 0.7 శాతం. మిగతావాటిలో చాలా భాగం కాలేయం, ప్లీహం పట్టేస్తాయి. విడి మందు మాత్రం ఎంత చేరుతుందని అడగొచ్చు. తక్కువే, కానీ దాన్ని ఒంట్లోంచి పంపే దారి తెలుసు, కణమేమో సరుకు దించాక కూడా ఖాళీ బస్తాలా మిగులుతుంది. మాత్రల్లో సిలికా ఎప్పటినుంచో కలుపుతున్నారు కదా అంటారు. నోటి దారి వేరు, నరం దారి వేరు: పూత లేని సిలికా ఎర్ర రక్తకణాలను పగలగొట్టగలదు. కరిగి మూత్రంలో పోతుందన్నదే గట్టి జవాబు. అయితే ఆ వేగం పరిమాణాన్ని, పూతను బట్టి మారుతుంది. ఏ కణానికి ఆ కణమే రుజువు చూపాలి.

చిత్రణ అక్కరకొచ్చేది ఇక్కడే. 2014లో వెలువడిన అధ్యయనంలో, 10 నానోమీటర్ల లోపు సిలికా కణాలకు అయోడిన్-124 తగిలించి ఐదుగురు మెలనోమా రోగుల్లో పెట్ స్కాన్‌తో వెంబడించారు; ప్రధానంగా మూత్రపిండాల గుండానే వెళ్లిపోయాయి. అంత చిన్న కణంలో మందుకు చోటెక్కడ? పెద్దదైతే చోటుంటుంది, కాలేయం వదలదు. ఈ పేచీ తేలాలంటే కణానికే గుర్తు గట్టిగా అతకాలి. రంధ్రంలో దాచిన రంగు కారిపోతే, మీరు ఫొటో తీసేది రంగును, కణాన్ని కాదు. ఎలుక మూత్రం, పెంట కూడా కొలిచి పట్టికలో వేయండి. ముక్కు మూసుకునైనా సరే.