గాబరా తగ్గాలి, ప్రశ్న తగ్గకూడదు

(సంగారెడ్డిలో స్త్రీ సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఈ రోజు మాట్లాడమన్న విషయం ఆందోళన, దాన్ని రోజువారీ జీవితంలో తగ్గించుకునే పద్ధతులు. మన భాషలో ఈ మాటకు రెండర్థాలున్నాయి. మనసులోని కలవరాన్నీ ఆందోళన అంటాం, కలెక్టరేటు ముందు చేసే ధర్నానూ ఆందోళన అంటాం. ఈ రెండింటికీ ఉన్న సంబంధం గురించే నేను మాట్లాడతాను.

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం బస్తీల్లో స్త్రీలు ఈ మాట వాడరు. ‘రంది’ అంటారు, ‘బుగులు’ అంటారు, ‘పానం గాబరా అయితుంది’ అంటారు. గుండె దడ, అరచేతుల్లో చెమట, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, పిల్లల మీద ఊరికే కసురుకోవడం, ఇవి వాళ్లు చెప్పే గుర్తులు. దవాఖానకు పోతే ‘ఏం లేదమ్మా, టెన్షన్’ అని రెండు మాత్రలు రాసి పంపించడం మనం చాలాసార్లు చూశాం.

అసలు శరీరంలో జరిగేదేమిటి? ప్రమాదం ఎదురైనప్పుడు గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. పారిపోవడానికో, ఎదిరించడానికో శరీరం చేసుకునే ఏర్పాటు ఇది. కంపెనీలో మోగే సైరన్ లాంటిదనుకోండి. చిక్కెక్కడంటే, కొందరిలో ప్రమాదం లేకపోయినా ఆ సైరన్ ఆగదు. రాత్రి షిఫ్టుకు పోయిన మనిషి ఫోను ఎత్తకపోతే మోగుతుంది. కాంట్రాక్టరు రేపటి నుంచి రావద్దంటాడేమో అన్న ఊహకే మోగుతుంది. నెలల తరబడి మోగితే మనిషి అలిసిపోతుంది.

అయితే ఈ ప్రాంతంలో బుగులుకు కారణాలన్నీ ఊహలే అనడానికి వీల్లేదు. 1970ల నుంచి ఇక్కడ పరిశ్రమలు పెరిగాయి. వాటి వ్యర్థజలాలు కలిసి నక్కవాగు పాడైంది. ఈ కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్ రావు గారు రోగుల బాధలకూ, నీళ్లకూ, గాలికీ ఉన్న సంబంధాన్ని ఏళ్ల తరబడి ఎత్తి చూపారు. ఇక 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ పరిశ్రమలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. వాళ్లలో చాలామంది ఇతర రాష్ట్రాల నుంచి వలస వచ్చినవాళ్లు. శవాలను గుర్తుపట్టడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. మనవాళ్ల ఆచూకీ కోసం రోజుల తరబడి ఎదురుచూసిన ఇంటి స్త్రీలను ‘మీరు ఊరికే భయపడుతున్నారు’ అని ఎవరు అనగలరు?

కాబట్టి ముందు రెండు రకాల భయాలను వేరు చేసి చూడాలి. మొదటిది శరీరం తనంత తానుగా ఆపుకోలేకపోతున్న సైరన్. దాన్ని మన చేతులతో మనం ఆపుకోవచ్చు. రెండోది నిజమైన ప్రమాదం గురించిన హెచ్చరిక. దాన్ని ఆపుకోవాల్సిన అవసరం లేదు, దానికి జవాబు అడగాలి. మొదటిది తగ్గితేనే రెండోదాని గురించి నిలబడి మాట్లాడే శక్తి వస్తుంది.

ఇప్పుడు పద్ధతుల సంగతి. డబ్బు, ప్రత్యేకమైన గది, చాప ఏవీ అక్కర్లేనివి చెబుతాను.

ఒకటి, ఊపిరి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలాలి. వదలడం నిదానంగా సాగితే గుండె వేగం కూడా తగ్గుతుంది. ఐదు నిమిషాలు చాలు. దీని గురించి చెప్పగానే బస్తీల్లో వచ్చే మొదటి ప్రశ్న, ‘గీ గాలినా పీల్చుమంటున్నరు?’ అని. న్యాయమైన ప్రశ్న. రసాయనాల వాసన వస్తున్నప్పుడు ఈ అభ్యాసం చేయకూడదు. ఘాటు ముదిరితే వెంటనే ఆ చోటు వదలాలి. గాలి వీచే దిక్కున పరుగెత్తకుండా, దానికి అడ్డంగా దూరం పోవాలి, పిల్లల్నీ ముసలివాళ్లనీ తీసుకుపోవాలి, ఫిర్యాదు చేయాలి. ఊపిరి అభ్యాసం ఆ తర్వాత సంగతి.

రెండు, కాళ్లూ చేతులూ. గాలి బాగాలేనప్పుడు కూడా ఇది చేయవచ్చు. పాదాలు నేలకు ఆనించి గట్టిగా అదమాలి. చుట్టూ కనిపించే ఐదు వస్తువుల పేర్లు మెల్లగా చెప్పుకోవాలి. బిందె, తలుపు, దండెం, చీపురు, గడియారం, ఏవైనా సరే. మొహం మీద చల్లటి నీళ్లు చల్లుకోవాలి. జరగబోయేదాని వెంట పరుగెత్తే మనసు ఈ గదిలోకి తిరిగి వస్తుంది.

మూడు, బిగించి వదలడం. పిడికిళ్లు, భుజాలు, పిక్కలు ఒక్కొక్కటిగా ఐదారు సెకన్లు బిగించి వదిలేయాలి. అమెరికన్ వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్ 1920లలోనే ఈ తరహా పద్ధతిని రూపొందించాడు. ప్యాకింగ్ లైన్లో షిఫ్టంతా నిలబడి వచ్చినవాళ్లు పడుకునే ముందు చేస్తే మంచిది.

నాలుగు, రందికి ఒక వేళ. రోజుకు పదిహేను నిమిషాలు రందికే కేటాయించి, నోటు పుస్తకంలో రెండు వరుసలు గీయండి. ఒక వరుసలో మనం చేయగలిగేవి, రెండో దాంట్లో నలుగురం కలిస్తేనే అయ్యేవి రాయండి. చదువు రానివాళ్లు పక్కింటి వదినతోనో, అమ్మాయితోనో చెప్పి రాయించుకోవచ్చు. రెండో వరుసలో ఉన్నవే మన సంఘం సమావేశానికి ఎజెండా.

కలిసి కూర్చుని సమస్య విప్పుకోవడం కూడా వైద్యమేనని జింబాబ్వే స్త్రీలు చూపించారు. అక్కడి హరారే నగరంలో డాక్టర్ డిక్సన్ చిబాండా 2006లో 14 మంది అమ్మమ్మలకు శిక్షణ ఇచ్చారు. క్లినిక్ ఆవరణలో బెంచీ మీద కూర్చుని, వచ్చినవాళ్ల కష్టం విని, అందులో ఒక్క సమస్యను పట్టుకుని దారి వెతకడమే వాళ్ల పని. దానితో దిగులు, ఆందోళన తగ్గినట్టు 2016లో పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. మన అంగన్‌వాడీ అరుగు మీద ఇది చేయలేమా?

ఒక హెచ్చరిక. గాబరా తగ్గించడానికి డాక్టర్లు ఇచ్చే ఆల్ప్రాజోలం వంటి మందులనే మన జిల్లాల్లో కల్లులో కల్తీ చేస్తున్నారు. సాయంత్రం కల్లు తాగితే గాని నిద్ర రావడం లేదంటే, అది ఈ మందుకు అలవాటు పడటం కావచ్చు. 2015లో కల్తీ మీద దాడులు పెరిగినప్పుడు నిజామాబాద్, మెదక్ జిల్లాల్లో ఫిట్లతో, వణుకుతో, మతి తప్పిన స్థితిలో జనం ఆసుపత్రులకు వచ్చారు. ఒక్కసారిగా మానేయడం ప్రమాదకరం, డాక్టరు పర్యవేక్షణలో తగ్గించుకోవాలి. నిద్రమాత్రల విషయమూ అంతే.

ఈ పద్ధతులు వైద్యానికి బదులు కావు. రెండు మూడు వారాలైనా నిద్ర, తిండి, పని సరిగా సాగకపోయినా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా డాక్టరును కలవాలి. థైరాయిడ్, రక్తహీనత ఉన్నా గుండె దడ వస్తుంది. పనిచోట ద్రావకాల ఆవిరి పీల్చినా తలనొప్పి, తల తిరగడం వస్తాయి. కాబట్టి ‘టెన్షన్’ అన్న మాటతో సరిపెట్టుకోకుండా పరీక్షలు చేయమని అడగండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సేవల్లో మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కు. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ 14416 నంబరుకు పగలూ రాత్రీ ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

హక్కుల మాట వచ్చింది గనక ఇంకొకటి. 1984 భోపాల్ ఘోరం తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకరమైన పరిశ్రమలు తాము వాడే పదార్థాల వల్ల వచ్చే ముప్పు గురించి కార్మికులకూ చుట్టుపక్కల జనానికీ తెలియజేయాలని చేర్చారు. గోడ అవతల ఏముందో తెలియకపోవడమే సగం బుగులు. తెలుసుకునే హక్కు కోసం అడగడం కూడా మన ఆరోగ్యానికి సంబంధించిన పనే.

వచ్చే మూడు నెలల్లో మీ బస్తీల్లో మూడు పనులు చేయమని కోరుతున్నాను. వారానికొకసారి పదిమంది స్త్రీలు కూర్చుని ఈ అభ్యాసాలు చేయాలి, రంది పుస్తకం విప్పాలి. జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లో మానసిక వైద్యులు ఏ రోజుల్లో చూస్తారో కనుక్కుని గోడ మీద రాయాలి. దగ్గర్లోని కంపెనీలో ఏం తయారవుతోంది, సైరన్ మోగితే ఎటు పోవాలి అని రాతపూర్వకంగా అడగాలి. వచ్చిన జవాబులు, రాని జవాబులు రెండూ వచ్చే సమావేశానికి తీసుకురండి.