బంజరు అంటే ఖాళీ నేల కాదు



ఎండలు ముదిరాయంటే మనకు ముందు గుర్తొచ్చేవి వడియాలు, ఆవకాయ. ఆ ఎండే ఇప్పుడు మన ఇళ్ళల్లో ఫ్యాను తిప్పుతోంది, మిక్సీ ఆడిస్తోంది. పల్లెల్లో వందలు, వేల ఎకరాల్లో సోలార్ పలకలు పరిచి కరెంటు తీసి, తీగల మీద మనదాకా పంపిస్తున్నారు. అలాంటి కేంద్రం ఒక ఊరికి వస్తోందంటే అక్కడి నేలకు, నీళ్ళకు, పశుపక్ష్యాదులకు, మనుషులకు ఏమవుతుందో ముందుగా చూడవద్దా? చూస్తే ఎలా చూడాలి? ఇవాళ ఆ సంగతి కాస్త మాట్లాడుకుందాం.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. బొగ్గుతో ఒక్క యూనిట్ కరెంటు తీయాలంటే అరకిలోకు పైగా బొగ్గు కాలాలి. మన దేశపు బొగ్గులో ఇంచుమించు మూడో వంతు బూడిదే. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం వైపు కాపురం ఉన్నవాళ్ళకు ఆ బూడిద సంగతి నేను చెప్పనక్కరలేదు, ఆరేసిన బట్టలే చెబుతాయి. సోలార్‌కు పొగ లేదు, బూడిద లేదు, చప్పుడు లేదు. కాబట్టి నేను దానికి ఎదురు చెప్పడానికి రాలేదు.

కాని దానికి చాలా నేల కావాలి. ఒక్క మెగావాటుకు నాలుగైదు ఎకరాలు, ఒక్కొక్కచోట ఇంకా ఎక్కువ. కర్నూలు దగ్గర, ఓర్వకల్లు ప్రాంతంలో 2017లో పూర్తయిన సోలార్ పార్కు వెయ్యి మెగావాట్లది. అది ఆరువేల ఎకరాలకు కాస్త తక్కువగా పరుచుకుని ఉంది. పలకలే నలభై లక్షల పైచిలుకు! అనంతపురం సరిహద్దు దాటితే వచ్చే పావగడ కర్ణాటకలో ఉన్నా, అక్కడ తెలుగు బాగా వినిపిస్తుంది. ఆ పావగడ పార్కు 2,050 మెగావాట్లు, దాదాపు 13,000 ఎకరాలు.

ఇంత నేల మారిపోతుంటే ముందుగా ఎవరో ఒకరు పరీక్ష చేసే ఉంటారనుకుంటాం. 2006లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద థర్మల్ కేంద్రమో, గనో, ఆనకట్టో కట్టాలంటే ముందు అధ్యయనం చేయించాలి. ఊళ్ళోవాళ్ళను పిలిచి బహిరంగంగా అభిప్రాయం అడగాలి. సోలార్ పలకల కేంద్రాలకు మాత్రం ఆ నిబంధన వర్తించదు. 2016లో కాలుష్య నియంత్రణ మండలి పరిశ్రమలను రంగుల వారీగా విడదీసినప్పుడు సోలార్‌ను తెలుపు జాబితాలో వేసింది. అంటే కాలుష్యం దాదాపు లేనిదని. పొగ మాట వరకూ అది నిజమే. కాని పర్యావరణమంటే పొగ ఒక్కటేనా అమ్మా?

ప్రపంచ బ్యాంకు లాంటివాళ్ళు అప్పు ఇచ్చినచోట పర్యావరణ, సామాజిక ప్రభావాల మీద అధ్యయనం చేయించమంటారు. అప్పిచ్చినవాడికి ఉన్న పట్టింపు మన చట్టానికి లేకపోవడమేమిటో!

మనం ఒక కొత్త ఇంట్లో దిగాలంటే ఏం చూస్తాం? నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి, వాన పడితే మురుగు ఎటు పోతుంది, ఇరుగుపొరుగు ఎవరు, ఖాళీ చేసేటప్పుడు ఏం పేచీ వస్తుంది అని నాలుగూ అడుగుతాం. పల్లెకు సోలార్ వచ్చేటప్పుడు అడగవలసినవీ అవే.

మొదట నేల. కాగితాల్లో "బంజరు" అని రాసి ఉంటే చాలు, ఆ నేల ఎవరికీ పనికిరానిదని పట్నంలో కూర్చున్నవాళ్ళు అనుకుంటారు. రాయలసీమ పల్లెలో బంజరు అంటే గొర్రెలు, మేకలు మేసే చోటు. ఆడవాళ్ళు వంటచెరకు ఏరుకునే చోటు. రేగుపళ్ళు, సీతాఫలాలు, చీపురు గడ్డి దొరికే చోటు. పట్టా లేకుండానే తాతల నాటినుంచి రెండెకరాల్లో కందో, ఆముదమో వేసుకునే కుటుంబాలూ ఉంటాయి. కంచె పడిన రోజున వీళ్ళకు నష్టపరిహారం ఇవ్వడానికి కాగితం మీద పేరే ఉండదు. అందుకని పరీక్ష చేసేవారు రికార్డు ఒక్కటే చూస్తే చాలదు. ఆ నేలలో ఎవరు నడుస్తున్నారో చూడాలి. నడుస్తున్న ఆడవాళ్ళను అడగాలి. ఊరి పెద్దలతో మాట్లాడి వెళ్ళిపోతే ఆ కట్టెల మోపు లెక్కలోకి రానే రాదు.

పైగా ఎప్పుడు చూస్తారన్నది కూడా ముఖ్యమే. నడి వేసవిలో జీపులో వచ్చి ఒక్క పూట తిరిగితే రాళ్ళూ ముళ్ళకంపా తప్ప ఏం కనిపిస్తాయి? అదే చోటికి రెండు వానలు పడ్డాక వెళితే మోకాలెత్తు గడ్డి, అందులో పిట్టల గూళ్ళు. అన్ని కాలాల్లోనూ చూస్తే తప్ప ఆ నేల సంగతి తెలియదు.

తరవాత నీళ్ళు. పలకల మీద దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గిపోతుంది కనక కడుగుతూ ఉండాలి. ఒక్కో పలకకు రెండు మూడు లీటర్లే కదా అనిపిస్తుంది. దాన్ని నలభై లక్షలతో హెచ్చవేసి చూడండి, ఒక్కసారి కడిగితేనే కోటి లీటర్ల మాట. ఎండ బాగా కాసే చోటే నీటి ఎద్దడీ ఉంటుంది. నీళ్ళు లేకుండా పొడిగా తుడిచే యంత్రాలు వచ్చాయి. అవి పెడతారా, బోరు వేస్తారా అన్నది ముందే తేలాలి.

కడిగే నీళ్ళకంటే నాకు ఎక్కువ భయం కలిగించేది వాన నీరు. సీమలో చెరువులు, కుంటలు వంకల వల్లనే నిండుతాయి. నేల చదును చేసేటప్పుడు ఎక్కడో పైన చిన్న వంకను పూడిస్తే, కింద రెండు మైళ్ళ దూరంలో ఉన్న కుంట ఎండిపోతుంది. ఆ కుంట ఎండితే దాని చుట్టూ ఉన్న బావులూ అంతే. ఆ ఊరివాళ్ళకు సోలార్ కేంద్రం కంటికైనా కనపడకపోవచ్చు.

పక్షుల సంగతి రెండు మాటల్లో చెబుతాను. గడ్డి భూముల్లో బతికే బట్టమేక పిట్ట కోసం 1988లో కర్నూలు సీమలోనే రోళ్ళపాడు అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఆ పిట్ట బరువైనది, ఎదురుగా ఉన్నది దానికి సరిగా ఆనదు. కరెంటు తీగలకు తగిలి చచ్చిపోతుంది. రాజస్థాన్, గుజరాత్‌లలో ఆ పిట్ట తిరిగే చోట్ల కరెంటు తీగలు భూమిలోపల వేయాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అంతటా అలా వేయడం సాధ్యం కాదని ప్రభుత్వం అంటే 2024లో ఆ ఆదేశాన్ని సడలించి, నిపుణుల సంఘానికి అప్పగించింది. దీన్నిబట్టి తెలిసేదేమంటే, పలకలు పరిచిన నేల ఒక్కటే చూస్తే కాదు, తీగ పోయే దారంతా చూడాలి.

పావగడలో భూమిని కొనలేదు, రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకొకసారి అయిదు శాతం పెంపు. కరువు ఊళ్ళో అది తక్కువ సొమ్మేమీ కాదు. భూమి చేజారిపోలేదన్న ధైర్యం కూడా ఉంటుంది. కాని ఆ సొమ్ము అందేది భూమి ఉన్నవారికే. ఆ పొలంలో కలుపు తీసి, వేరుశనగ పీకి బతికిన కూలి మనిషికి కౌలు రాదు, పని కూడా పోతుంది. పలకలు తుడిచే పని ఎంతమందికి దొరుకుతుంది?

అన్నీ కష్టాలే చెబుతున్నానని అనుకోకండి. జోధ్‌పూర్‌లోని కేంద్ర ఎడారి పరిశోధనా సంస్థవారు పలకల మధ్య, కింద పెసర, కలబంద లాంటివి పండించి చూపించారు. పలకల మీద పడిన వాన నీటిని గొట్టాల్లో పట్టి, వాటిని కడగడానికే వాడారు. పలకలను కాస్త ఎత్తులో, కాస్త ఎడంగా పెడితే గొర్రెలు కూడా మేయవచ్చు, ఇతర దేశాల్లో మేపుతున్నారు. ఖర్చు కొంచెం పెరుగుతుందనుకోండి. ఇవి ముందే అడిగితే కుదురుతాయి, కంచె వేశాక కుదరవు.

ఇక మనలో కొందరికి నేరుగా సంబంధించిన మాట ఒకటుంది. పట్నంలో కాపురమున్నా, పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన రెండెకరాలు ఊళ్ళో ఉంటాయి. సోలార్‌కు కౌలుకిస్తారా అని ఎవరో వస్తారు. అన్నయ్య కాగితం పంపిస్తాడు, మనం సంతకం పెట్టేస్తాం. ఆ కాగితం ఒకసారి చదవండి. పలకల ఆయుర్దాయం పాతికేళ్ళు. అందులో గాజు, అల్యూమినియంతోపాటు సీసం లాంటివి కూడా కొద్దిగా ఉంటాయి. 2022లో వచ్చిన ఎలక్ట్రానిక్ చెత్త నిబంధనలు, 2023 ఏప్రిల్ నుంచి, ఈ పలకలకూ వర్తిస్తున్నాయి. పాడైనవాటిని 2034-35 వరకూ తయారీదార్లే భద్రంగా దాచి ఉంచాలని అందులో ఉంది. కాని మీ పొలంలో పాతిన ఇనుప స్తంభాలు, సిమెంటు దిమ్మలు గడువు తీరాక ఎవరు పీకుతారు, ఎవరి ఖర్చుతో పీకుతారు, కంపెనీ మధ్యలో చేతులు మారితే ఎవరిని అడగాలి, ఆ ఖర్చుకు ముందుగా సొమ్ము ఎక్కడైనా జమ చేస్తున్నారా? ఇవి మీ కాగితంలో రాసి ఉండాలి. పొలంలో వంక పోతుంటే దాన్ని పూడ్చకూడదని కూడా రాయించండి. పక్క పొలంవాళ్ళ చేత కూడా అలాగే రాయించమని అన్నయ్యకు ఒక ఉత్తరం ముక్క రాయండి, ఫోనులో చెప్పిన మాట ఎవరికీ గుర్తుండదు.

సెలవు.