ఇంటి ఫోనుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది?

(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నా సర్వీసంతా ఎక్స్ఛేంజిలోనూ, కేబులు గుంటల దగ్గరా గడిచింది. అందుచేత నాకు తెలిసిన ఒక్క విషయమే మనవి చేస్తాను.

రాగి లైనులో ఇంటికి వచ్చేవి రెండే తీగలు. గోడమీది రోజెట్ నుంచి డ్రాప్ వైరు మీద డి.పి. పెట్టెకు, అక్కడి నుంచి భూగర్భ కేబులులో కేబినెట్‌కు, ఆపైన ఎక్స్ఛేంజిలోని ఎం.డి.ఎఫ్.కు చేరతాయి. ఎక్స్ఛేంజి బ్యాటరీలు ఆ జతకు 48 వోల్టులు అందిస్తాయి. రిసీవరు ఎత్తగానే వలయం పూర్తయి కరెంటు పారుతుంది. అది గమనించి ఎక్స్ఛేంజి డయల్ టోను ఇస్తుంది. గంట మోగడానికి సుమారు 75 వోల్టుల ఏ.సి. పంపుతుంది. ఊరంతా చీకటైనా మన ఫోను పలికింది ఇందువల్లనే.

ఇప్పుడు చాలా ఇళ్లకు ఫైబరు వచ్చింది. మాట స్పష్టంగా ఉంటుంది, ఇంటర్నెట్ వేగంగా ఉంటుంది, సంతోషమే. కానీ గాజు పోగు వెలుగును తెస్తుంది గాని కరెంటును తేదు. ఇంట్లో పెట్టిన ఓ.ఎన్.టి. అనే పెట్టె ఆ వెలుగును అందుకొని, ఫోనుకు కావలసిన వోల్టేజిని తానే తయారుచేస్తుంది. ఆ పెట్టెకు కరెంటు మన ఇంటి ప్లగ్గు నుంచే రావాలి.

మా వీధిలో ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడకు ఒక రాత్రి కరెంటు లేని వేళ ఆయాసం వచ్చింది. ఫోనెత్తితే టోను లేదు. గోడ తట్టి పక్కింటివారిని లేపారు కాబట్టి సరిపోయింది. లైను మారేటప్పుడు ఈ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

కావున నా విన్నపం. ఈ రాత్రే ఓ.ఎన్.టి. ప్లగ్గు ఆపి, రిసీవరు ఎత్తి చూడండి. టోను రాకపోతే, ఆ పెట్టె మీద రాసిన వోల్టేజికి సరిపోయే చిన్న బ్యాటరీ బ్యాకప్ పెట్టించండి. కార్డ్‌లెస్ ఫోను బేస్‌కూ కరెంటు కావాలి గనుక, తీగ ఉన్న పాత ఫోను ఒకటి ఉంచుకోండి. సెల్‌ఫోను పడుకునే ముందే ఛార్జి చేయండి. 112, 108 నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి.

పిల్లలారా, ఈ పనులు మీ అమ్మానాన్నలకు మీరే చేసిపెట్టండి. వారు అడగరు.