పటమును నేలతో సరిచూచు యంత్రము



సరిహద్దు తగవు తీర్పవచ్చిన సర్వేయరు ముందు పటము విప్పును. పిమ్మట నేలపై రాళ్లను వెదకును. రెండును కలిసినప్పుడే కొలత నిలుచును. ఈ పనినే కెమెరాయు కంప్యూటరును కలిసి చేయు విద్య నేడు కలదు. అంగారక గ్రహముపై జరిగిన అవతరణము దీనికి చక్కని నిదర్శనము.

2021 ఫిబ్రవరి 18న అమెరికా దేశపు నాసా సంస్థ ‘పర్సెవరెన్స్’ అను శకటమును జెజెరో అను గొప్ప గుంటలో దింపినది. ఒకప్పుడు సరస్సుగా నుండిన ఆ గుంటలో నది తెచ్చిన మేట కలదు. ప్రాచీన జీవుల జాడలు వెదకుటకు తగిన చోటు. కాని అచ్చట నిట్రమైన చరియలు, బండరాళ్లు, ఇసుకతిన్నెలు మెండు. ఆనాడు సంకేతము భూమిని చేరుటకే 11 నిమిషములు దాటెను. దిగుటకు పట్టిన కాలము సుమారు 7 నిమిషములే. కనుక భూమినుండి దారి చూపుట అసాధ్యము.

అందుచేత, ఉపగ్రహము అంతకుముందే తీసిన చిత్రములతో పటము కూర్చి వాహనమునందుంచిరి. పారాచూటుతో దిగునపుడు కెమెరా నేలను చిత్రించును. యంత్రము మొదట కొలది పెద్ద గుర్తులను పటముతో పోల్చి చోటును స్థూలముగా గ్రహించును. పిదప పెక్కు చిన్న గుర్తులతో దానిని సవరించును. తక్కినవానితో పొసగని గుర్తును త్రోసివేయును. సుమారు 3 కిలోమీటర్ల వరకు ఉండదగిన సందేహమును 40 మీటర్లకు తగ్గింపవలెనని నియమము.

యంత్రమును నిర్మించుట ఒక యెత్తు. పరీక్షించుట మరియొక యెత్తు. పొద్దుతో నీడలు మారును. ఒక గుంట వేరొక గుంటను పోలియుండును. చోటు తెలియలేదని తెలుపు యంత్రముకంటె తప్పు చోటును నిశ్చయముగా చెప్పు యంత్రము ప్రమాదకరము. అందువలన 2014లో మోహావీ ఎడారిలో చిన్న రాకెట్టుపైనను, 2019లో డెత్ వ్యాలీ ప్రాంతమున హెలికాప్టరుపైనను పరీక్షలు జరిపిరి. యంత్రము చెప్పిన చోటును వేరొక సాధనము కొలిచిన చోటుతో సరిచూచుటయే ఇట్టి పరీక్షకు ప్రాణము. తుదకు శకటము ఎంచుకొన్న చోటికి సుమారు 5 మీటర్లలోనే దిగినది.

అయినను గుర్తులు లేని నేల నేటికిని కష్టమే. శకటముతో వెళ్లిన ‘ఇన్‌జెన్యూటీ’ అను చిన్న హెలికాప్టరు పటముతో గాక, ఒక చిత్రమును తరువాతి చిత్రముతో పోల్చుకొనుచు ఎగిరెడిది. 2024 జనవరి 18న అది దిగునపుడు రెక్కలు విరిగి, మరల ఎగురలేకపోయినది. గుర్తులు కరవైన ఇసుకనేలపై దాని లెక్క తప్పెనని పరిశోధకులు భావించిరి.

పటమెంత మంచిదైనను నేలపై గుర్తు కావలయును. గుర్తులెన్ని యున్నను సందేహించి సరిచూచు బుద్ధి కావలయును. ఆ బుద్ధిని ముందుగా అలవరచుకొనవలసినవాడు యంత్రమును నిర్మించు మనుష్యుడే.