వెస్టల్ : ఒక మరమ్మతు నౌక కథ



యుద్ధనౌకల పేర్లు చాలామందికి తెలుసు. వాటిని బాగుచేసిన ఓడ గురించి ఎవరూ అడగరు. అమెరికా నౌకాదళపు 'వెస్టల్' గురించి నాలుగు మాటలు చెప్తాను.

1908లో జలప్రవేశం చేసినప్పుడు అది బొగ్గు మోసే ఓడ. 1913 నాటికి మరమ్మతు నౌకగా మార్చారు. నీళ్లమీద తేలే వర్క్‌షాపు అనుకోండి.

1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్‌లో 'అరిజోనా' పక్కనే కట్టి ఉంది. దానికీ రెండు బాంబులు తగిలాయి. అరిజోనా పేలిన ధాటికి కెప్టెన్ కాసిన్ యంగ్ ఎగిరి నీళ్లలో పడ్డాడు. ఈదుకుంటూ వచ్చి ఎక్కేసరికి సిబ్బంది ఓడ వదిలి పోతున్నారు. ఆపాడు. నీళ్లు ఎక్కుతున్న ఓడను లోతు తక్కువ చోటికి నడిపించి నేలకు ఆనించాడు. మొరటు పద్ధతే, కానీ ఓడ దక్కింది. డాక్‌యార్డు ఖాళీ లేదు. సొంత ఓడను ఆ మనుషులే బాగుచేసుకున్నారు.

నాకు బాగా నచ్చిన ఘట్టం 1942 నవంబరుది. శాంతాక్రూజ్ పోరులో దెబ్బతిన్న విమానవాహక నౌక 'ఎంటర్‌ప్రైజ్' నౌమియా రేవు చేరింది. మరమ్మతు పూర్తికాకముందే, 11న, గ్వాడల్‌కెనాల్‌కు కదలాల్సి వచ్చింది. వెస్టల్ పనివాళ్లు దిగలేదు, దారిలోనూ పని చేస్తూనే ఉన్నారు. షట్‌డౌన్ దొరకని ప్లాంటులో పనిచేసినవాళ్లకు ఆ అవస్థ అర్థమవుతుంది!

ఆ 13నే యంగ్, 'శాన్‌ఫ్రాన్సిస్కో' క్రూజర్ కెప్టెన్‌గా, గ్వాడల్‌కెనాల్ పోరులో మరణించాడు. ఆయన పేరు పెట్టిన డిస్ట్రాయర్ బోస్టన్‌లో మ్యూజియం అయింది. వెస్టల్‌ను 1950లో తుక్కుకు అమ్మేశారు.