పాత లాప్‌టాప్ మొరాయిస్తే
(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



లెక్కల లాప్‌టాప్ తెల్లవారుజామున మొరాయించినా పాలు పోసేవారిని నిలబెట్టరాదు. లీటర్లు, వెన్న శాతం రిజిస్టరులో రాసుకుందాం.

ఆపైన ప్లగ్గులో కరెంటు, ఛార్జరు దీపం చూద్దాం. అవి బాగుంటే ఛార్జరు తీసి, బ్యాటరీ ఊడదీసి (పాతవాటిలో ఇదొక సుఖం), పవర్ బటన్ 30 సెకండ్లు నొక్కిపట్టి, ఛార్జరు ఒక్కటే తగిలిద్దాం. కొన్నిసార్లు ఇంతటితోనే లేస్తుంది. ఉబ్బిన బ్యాటరీ మళ్లీ పెట్టనే కూడదు, అంటుకునే ప్రమాదమున్నది. ఫ్యాను తిరుగుతూ తెర నల్లగా వుంటే ర్యామ్ కదిలి వుండవచ్చు. తీసి సరిగా కూర్చోబెట్టించాలి. తేదీ తప్పు చూపితే లోపలి 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ అయిపోయి వుంటుంది.

మెకానిక్కుకు మాత్రం గట్టిగా చెబుదాం: హార్డ్ డిస్క్‌లోని లెక్కలు కాపీ తీయనిదే ఫార్మాట్ చేయవద్దని. మనందరి పాల బిల్లులు అందులోనే వున్నవి.